చుక్కల పుస్తకం

లీడ్స్‌లో పిచ్‌ని కాదు, ఆకాశాన్ని చూడమంటారు.
నోరా సగ్డెన్ మాత్రం
నలభై ఒక్క ఎండాకాలాలుగా కాగితాన్నే చూస్తోంది.

స్కోరర్ల గదిలో ఆమె పక్క కుర్చీ నాది.
నాకు లాప్‌టాప్, ఆమెకు నాలుగు రంగుల పెన్సిళ్ళు,
మధ్యలో ఒక ఫ్లాస్కు, అల్లం కేకు ముక్క.
కిటికీ ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచుతుంది.
బంతి బ్యాటు నడుమ తగిలిందో అంచుకి తగిలిందో
కంటికన్నా ముందు చెవికి తెలియాలట.

పరుగు రాని ప్రతి బంతికీ ఒక చుక్క.
ఓవరంతా చుక్కలే అయితే మెయిడెన్.
ఆ ఆరింటినీ గీతతో కలిపేటప్పుడు
నాలుక కాస్త బయటపెడుతుంది, బడిపిల్లలా.

మొదటి రోజు ఆ నాలుక బయటికి రాలేదు.
రూబెన్ థాక్రే వచ్చాడు.
కొత్త బంతికి ఇంకా మెరుపు పోలేదు,
మోకాలి మీద కూలబడి
కీపర్ నెత్తి మీదుగా పంపేశాడు
పక్కింటి గోడ అవతలికి చెప్పు విసిరినట్టు.
ఎనభై మూడు బంతుల్లో నూట పద్దెనిమిది.
పట్టపగలే బౌలర్లకి చుక్కలు చూపించాడు.
నోరా పేజీలో మాత్రం చుక్కలకి కరువొచ్చింది.

"ఇలా ఎన్నాళ్ళు?" అన్నాను.
"నువ్వు కేకు తిను, తాహిర్" అంది.

సాయంత్రం విలేకరులతో థాక్రే అన్నాడు:
డ్రా అనే మాటకి మా డ్రెస్సింగ్ రూమ్‌లో అర్థం తెలీదు.
బ్రాడ్‌ఫర్డ్‌లో మా నాన్న టాక్సీ పక్కకి ఆపి మరీ విన్నాడట.
రాత్రి ఫోన్‌లో ఒకటే నవ్వు.
టికెట్ డబ్బులు గిట్టాలి గదరా,
రోజంతా చుక్కలు లెక్కపెట్టడానికి ఎవడొస్తాడు?

నిజమే.
ఎవరూ రాని రోజులు నోరాకి గుర్తున్నాయి.
మే నెల చలిలో పదిహేడు మంది, ఒక కుక్క.
ఆ పుస్తకాలన్నీ అలమరలో ఉన్నాయి, అడిగితే తీస్తుంది.
వాటిలోనూ ఉన్నారు విరుచుకుపడ్డవాళ్ళు,
ఒక వేసవి, రెండు వేసవులు.
మూడో వేసవికి ఏ బౌలరో
ఖాళీ నెట్స్‌లో ఒంటరిగా బంతులు వేసుకుంటూ
ఆ దెబ్బ అందని జానెడు జాగా కనిపెట్టేస్తాడు.
గోడలా నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా
తర్వాతి అట్టల్లో ఎక్కడా లేవు.

నాలుగో రోజు మబ్బు పట్టింది.
మావాళ్ళు ఐదుగురు, నలభై నిమిషాల్లో,
ఒకే ఫీల్డర్ చేతుల్లోకి
ఉత్తరాలు పోస్టు చేసినట్టు క్యాచ్‌లిచ్చి వెళ్ళారు.
నోరా ముఖంలో "నే చెప్పలా" కోసం వెతికాను.
లేదు.

ఐదో రోజు, చివరి వికెట్, ఇరవై మూడు ఓవర్లు.
అటువైపు పదకొండో నంబరు కుర్రాడు,
ఇటువైపు థాక్రే.

వాడు అడ్డుకోవడం మొదలుపెట్టాడు.
బంతి మీదికి తల వంచి, ప్యాడ్ పక్కనే బ్యాటు ఆనించి,
చిన్నప్పుడెవరో నేర్పింది ఏ జేబులోనో దొరికినట్టు.
చుక్క. చుక్క. చుక్క.
గ్యాలరీ మొదట నవ్వింది,
తర్వాత ఒక్కో చుక్కకీ చప్పట్లు కొట్టింది.
మా నాన్న ఈపాటికి టాక్సీ ఎక్కడో ఆపేసి ఉంటాడు.
నోరా రెండుసార్లు పెన్సిల్ చెక్కింది,
నాలుక బయటే ఉంది.

డెబ్బై ఒక్క చుక్కలు.
తర్వాతిది ఆఫ్‌స్టంప్‌కి జానెడు బయట పడింది.
ఆడితే ఏదో ఒకటి అయ్యేది.
ఆడలేదు.
బ్యాటు పైకెత్తి, పెద్దమనిషిలా, దారిచ్చాడు.
అది లోపలికి తిరిగింది.

కిటికీలోంచి చెక్క చప్పుడు.
బ్యాటు చెక్క కాదు.

ఇంకా పదకొండు బంతులున్నాయి.
కొట్టే అలవాటు వల్ల పోయాడనేవాళ్ళు,
కొట్టకపోవడం వల్లే పోయాడనేవాళ్ళు
మెట్ల మీద అప్పుడే గొంతులు పెంచారు.
లాప్‌టాప్ ఎలా అని అడిగితే
బౌల్డ్ అని నొక్కాను.
ఎందుకు అని అది అడగదు.

నోరా ఎర్ర పెన్సిల్‌తో గడి నింపి
అడుగున కూడికలు సరిచూసుకుంటోంది.
నాలుగు నిమిషాలు గడిచాయేమో,
కిటికీలోంచి గాలి విసురుగా వచ్చింది.
పేజీ మీద, థాక్రే వరుస చివర ఖాళీలో,
ఒక చుక్క పడింది.
వాన.

దాన్ని ఏ గడిలో వెయ్యాలో ఆమెకీ తెలియలేదు.
ఆరేదాకా పుస్తకం మూయలేదు.