ఒక చుక్క ఎక్కువ

కత్తిపారా వంతెన ఎక్కుతుండగా
డాష్‌బోర్డు మీద ఎర్రగా ఒక కొమ్ముచెంబు వెలిగింది.
ముక్కు చివర వేలాడే ఒకే ఒక్క చుక్క.
రాలదు, ఆరదు.

వెనక డిక్కీలో నలభై ప్యాకెట్ల ఇడ్లీ పిండి.
ఎనిమిదింటికల్లా అడయారు చేరాలి.
మే నెల మద్రాసులో
పిండి ఎవరి మాటా వినదు.

కారు నడపడం వచ్చు నాకు,
కారు మాట్లాడితేనే రాదు.
పెట్రోలు పంపు బొమ్మ తెలుసు,
సీటు బెల్టు గోల తెలుసు.
ఈ చెంబు మాత్రం తాళం తిప్పినప్పుడల్లా
ఒక్క క్షణం మెరిసి పోయేది,
గుమ్మంలోంచి తొంగిచూసి
పనుందని వెళ్ళిపోయే మనిషిలా.
ఇవాళ లోపలికొచ్చి కూర్చుంది.

పోనిద్దామా అనుకున్నాను.
అబద్ధమెందుకు, పోనిచ్చాను కూడా, ఒక మలుపు.
వంతెన మీద ఎక్కడ ఆపను?
రేడియో కట్టేశాను, ఏసీ కట్టేశాను,
ఊపిరి కూడా కాస్త తక్కువే పీల్చాను
నా వంతు పొదుపుగా.

దిగువన మెట్రో స్తంభం నీడలో
తాళం తిప్పేశాక వచ్చిన నిశ్శబ్దాన్ని
వెనక బస్సు హారన్ కూడా నింపలేకపోయింది.

పుదుప్పేట పెంచలయ్య ఫోనెత్తి
"పసుపా, ఎరుపా?" అన్నాడు.
ఎరుపు.
"ఆపినావా?"
ఆపాను.
"అయితే బతికినావు. తాళం ముట్టుకోబాక."

అతను వచ్చేలోపు నలభై నిమిషాలు.
పుల్లటి వాసన ముందు సీటు దాకా పాకింది.
ప్యాకెట్లు ఒక్కొక్కటే
అలిగిన పిల్లల్లా బుగ్గలు పూరించాయి.

మోపెడ్ దిగి, బానెట్ ఎత్తి,
సన్నటి ఇనుప పుల్ల లాగాడు.
బనీను గుడ్డకి తుడిచి, ముంచి, మళ్ళీ లాగి
నా కళ్ళ ముందు పెట్టాడు.
రెండు గీతలకూ చాలా కింద, కొసన,
ఒక కంటి కాటుకంత నూనె.

"ఈ దీపం మట్టం చెప్పదమ్మా, ఒత్తిడి చెబుద్ది.
మట్టం నువ్వే చూసుకోవాల.
ఇంకో మైలు పోనిచ్చుంటే
బేరింగులు నీకు తలంబ్రాలు పోసుండేవి.
కొందరైతే దీని మీద స్టిక్కరు బొట్టు అతికిస్తారు,
కళ్ళకు చికాకంట!"

అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరాడు.
కాళ్ళు మాత్రమే మాట్లాడుతున్నట్టు
కింద నుంచి గొంతు:
"ప్లగ్గు వాషరు పోయింది. నెల్లాళ్ళ నించీ కారతా ఉండాది.
ఇంటి దగ్గర మరకలు పడలా?"

పడ్డాయి.

కొళత్తూరులో మా వాకిట్లో
తెల్లారుజామున పిండి ఎక్కించుకోడానికి
కారు వెనక్కి తీయగానే కనబడేది,
సిమెంటు మీద నల్లగా, పావలా బిళ్ళంత.
చీపురుకి పోలేదు, సబ్బుపొడికి పోలేదు.
మూడోనాటికి నేనే సర్దుకున్నాను.
చుక్కల వరసకి రాదది.
అందుకని వరసే జరిపాను.
ఒకరోజు తామర దుద్దు చేశాను దాన్ని,
ఒకరోజు చిలక కన్ను.
ఎదురింటి అలమేలు ఫోటో తీసుకుంది,
"ఈ నల్లచుక్క భలే పెట్టారండీ" అని.
నేను నవ్వాను.
నేనే పెట్టినట్టు నవ్వాను.

పెంచలయ్యకి "గమనించలేదు" అని చెప్పాను.
అతను కింద నుంచి ఏమీ అనలేదు.
స్పానర్ ఒకసారి జారి రోడ్డు మీద మోగింది.

వాషరు ఇరవై రూపాయలు.
నూనె మూడున్నర లీటర్లు.
పిండి ఇరవై ఆరు ప్యాకెట్లు వెనక్కొచ్చాయి.
మా వీధి వీధంతా రెండు రోజులు ఊతప్పాలే తింది.

మర్నాడు చీకటుండగానే
కారు వెనక్కి తీసి, వాకిలి కడిగాను.
కొత్త మరక లేదు.
పాతది వెలిసి, ఉందో లేదో అన్నట్టుంది.
చిలక ముక్కు దాకా వేసి,
ముగ్గుగిన్నె గట్టు మీద పెట్టి,
బానెట్ ఎత్తి పుల్ల లాగాను.
తుడిచి, ముంచి, మళ్ళీ లాగి
వీధిదీపం కిందకి పట్టాను.
రెండు గీతల నడుమ తేనెరంగు.

చేతికంటిన నూనె కడుక్కునేలోపు
పాలబ్బాయి సైకిలు ముగ్గులోంచే వెళ్ళిపోయింది.
ఆ రోజుకి చిలక్కి కన్ను పెట్టలేదు.