మెక్కవేంరా గిన్నె

హసామిలో చక్రం ముందు కూర్చుని
ఫుకహోరి తమాయె
మట్టిని తిడుతుంది.

తిట్టకపోతే ఈ గిన్నె రాదంటుంది.
దీని పుట్టుకే తిట్టులో ఉందట:
యోదో నది మీద రాత్రి పడవలు,
కునికిపాట్లు పడే ప్రయాణికులు,
పక్కకొచ్చి ఒరుసుకునే చిన్న పడవ,
అందులో పొయ్యి, చారు కుండ,
చీకట్లోంచి ఓ గొంతు:
"ఏరా, మెక్కవేంరా! డబ్బుల్లేవా?"

కత్తి కట్టినవాడైనా, గుండు గీసుకున్న సన్యాసైనా
ఆ నీళ్ల మీద అందరూ ఏరాలే.
ఆకలికి గారు తగిలించరు కదా.

అందుకే అడుగు ఇంత మందం.
పడవ ఊగినా చారు తొణకకూడదు.
అందుకే బొమ్మ ఇంత తొందర:
నీలిరంగులో మూడు గీతలు, ఓ చుక్క.
పువ్వో, పిట్టో
తేల్చుకునే తీరిక గీసినవాడికే లేదు.
అతని పేరు ఎవరూ అడగలేదు.

తిన్నాక లెక్క ఖాళీ గిన్నెలతో.
మూడు తిని రెండే చూపించాలంటే
ఒకటి నదిలోకి జారవిడవాలి,
చప్పుడు వినబడకుండా
గట్టిగా దగ్గుతూ.

అలా మునిగినవాటినే
తమాయె ఇప్పుడు చేస్తోంది.
నత్తలు పట్టినట్టు కొన్ని,
అంచు విరిగి బురద మింగినట్టు కొన్ని.
ఒకటి మాత్రం నిన్న రాత్రి పడేసినట్టు
నిగనిగలాడుతూ.
ప్రతిదాని అడుగునా గోరంత అంకె, బాకీ.

హిరకాత ప్రదర్శనలో
అద్దాల పెట్టెలు వద్దంది.
నేల మీదే పరిచింది, మసక వెలుగులో.
పెద్దమనుషులు చేతులు వెనక్కి కట్టుకుని
కాలం, ప్రవాహం అంటూ ఏదో అన్నారు.

మూడో రోజు ఓ పిల్లాడు
గొంతుక్కూచుని ఒక్కో గిన్నెలోకీ తొంగిచూసి
"ఇందులో ఏమీ లేదేం?" అన్నాడు.

తమాయె నవ్వలేదు.
సాయంత్రానికి మూలన పొయ్యి వెలిగింది.
ముల్లంగి ఉడికిన వాసన
గోడల మీది చరిత్ర పలకల దాకా పాకింది.
నిర్వాహకుడు బీమా కాగితాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.
ఆమె గరిటె ఎత్తి అతని మొహం మీదే అంది:
"ఏరా, మెక్కవేంరా!"

మెక్కాడు. రెండు గిన్నెలు.

రాత్రి కడిగి లెక్కపెడితే ఒకటి తక్కువ,
ఆ నిగనిగలాడేది.
సంచులు వెతుకుదామన్నాడు కాపలావాడు.
వద్దంది తమాయె.
తడిచేత్తోనే పుస్తకంలో రాసుకుంది:
ఒక గిన్నె చారు, రావాలి.

ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు.

ఆరేళ్లుగా ఆమెకు మట్టి పిసుకుతున్న
నేనే.