పిడికెడు

గుణుపురంలో మా ఆదివారం
ఒక చెప్పు కనబడకపోవడంతో మొదలవుతుంది.
కెజియా మంచం కింద దూరింది.
నౌపడా రైలు కూసి వెళ్లిపోయింది,
గుడి గంట రెండోసారి కొట్టారు.

ప్రతిపూటా ఎసట్లో పోసేముందు తీసి
వారమంతా దాచిన పిడికెడు బియ్యం
మూటకడితే సగానికి సగం లేదు.
"పిచ్చికలకి ఆకలేసిందంటమ్మా,"
ఓబేదు నా మొహం చూడకుండా అన్నాడు.
"పెబువు కొలిచి చూస్తాడేటి?"

గుళ్లో ఒడియా పాట, తెలుగు ప్రార్థన,
వెనక వరసలో ఒక ముసలామె సవరలో
కోడలితో తగువాడినట్టు దేవుడితో.
వాడు అన్నింటికీ ఆమెన్ అన్నాడు.
వాక్యం మొదలవగానే నిద్రపోయాడు
నోరు తెరిచి, నా ఇస్త్రీ చీర మీద.

కానుకల సంచీ మా బెంచీ దాకా వచ్చింది.
వాడికిచ్చిన అయిదు రూపాయల బిళ్ల
గుప్పెట్లో ఉండాలి, గుప్పెట రానంటుంది.
సంచీ పట్టుకుని సంఘపెద్ద నిలబడే ఉన్నాడు.
ఒక్కో వేలూ విప్పాను.
చెమటకి అంటుకుపోయి
ఏడో ఎనిమిదో బియ్యపు గింజలు.

తలెత్తితే కిటికీ పైన గడ్డిపరకల గూడు,
అందులో ఒకటే రొద.

గుప్పెట మళ్లీ మూసేశాను.
సంఘపెద్ద మమ్మల్ని దాటి వెళ్లాడు.

అయిదు రూపాయల సంగతి
కెజియాకి తెలుసు.
చెప్పట్లేదు.