బుడగ కింది మాట

పటాలు కట్టే దుకాణం నాది,
పాలమూరు గడియారం కాడికెల్లి రెండో గల్లీ.
దేవుళ్లు, పెండ్లిజంటలు, సచ్చిపోయినోళ్లు,
ఎవరికైనా నాలుగు కట్టెలు, ఒక అద్దం.

ఈదమ్మ యూరియా సంచి నెత్తిన వెట్టుకొని వచ్చింది.
"మా ఆయన గీసినయి. చెదలు వడ్తున్నయి.
కాటా మీద వెయ్యి, ఎంతైతే గంత ఇయ్యి."

కాటా లేదన్న.
సంచిల నలభై మూడు అట్టలు.
కురుమూర్తి బోర్డులు రాసేటోడని తెల్సు,
కల్లు కాంపౌండుకు, ఎరువుల దుకాణానికి, ఎలచ్చన్లప్పుడు గోడలకు.
పిల్లల వారపత్రికకు బొమ్మల కత గీసిండని
గా రోజు దాక తెల్వది.

అచ్చుల అరచెయ్యంత ఉండే బొమ్మ
ఈడ మూరెడు.
గుర్రం మెడ మీద నీలి పెన్సిలు గీత ఇంకా ఉంది,
సిరా దాని మాట ఇనలే, పక్కకెల్లి ఉరికింది.
రాక్షసుని మూతి ఒకపారి తప్పు వోయినట్టుంది,
తెల్లరంగు పూసి మల్ల గీసిండు.
ఏలుతోని తడిమితే
పుండు మానిన కాడ లెక్క ఎత్తుగ తగుల్తది.
ఎనక దిక్కు పెన్సిలు రాత:
చాయపత్తి, పావుసేరు నూనె, పిల్లకు దగ్గు మందు.
దాని మీదనే పత్రికోళ్ల గుండ్రటి ముద్ర.

అట్టకు రెండు వందలు లెక్కగట్టిన.
ఎక్కువిచ్చిన అనుకున్న.
అబద్ధమెందుకు, గా రోజు గట్లనే అనుకున్న.

హైదరాబాదుకెల్లి ఒకాయన కారేసుకొని వచ్చిండు.
తెల్ల గ్లౌజులు తొడిగి
పురుటి పిల్లను ఎత్తుకున్నట్టు ఒక్కొక్క అట్ట ఎత్తిండు.
చిన్నప్పుడు ప్రతి గురువారం
ఈ కత కోసం బస్టాండు కొట్టు ముందర నిలబడేటోడంట,
చెప్పుకుంట చెప్పుకుంట గొంతు ఆగింది.
మంచోడే.
తొమ్మిది ఏరుకున్నడు. ఒక్కోదానికి పన్నెండు వేలు.
"కానీ బుడగలు ఊడిపోయాయి. అతికించి ఇవ్వండి.
ఒరిజినల్ అంటే అచ్చులో ఉన్నట్టుండాలి కదా."

నిజమే. ముప్పై ఏండ్ల జిగురు ఎండి
మాటల బుడగలు సంచి అడుగున
పల్లికాయ పొట్టు లెక్క రాలివడ్డయి.
పత్రికల టైపు కొట్టి అంటిచ్చిన మాటలు:
"ఆగుము! ఎవరు నీవు?"
"భయపడకుము తల్లీ, నేనున్నాను."
"మిక్కిలి దాహముగా నున్నది."

అవి ఊడిన కాడ, కింద, కురుమూర్తి చేతిరాత:
"ఆగు! ఎవల్నువ్వు?"
"బుగులు వడకవ్వా, నేనున్న గద."
కొండంత రాక్షసుడు దోసిలి వట్టి:
"దూపైతుంది."

రాత్రి షట్టరు దించి ఈదమ్మ ఇంటికి వోయిన.
ఆమెకు సదువు రాదు. సదివి ఇనిపిచ్చిన.
మొదటి రెంటికి ఊకొట్టింది.
మూడోదానికి లాంతరు దగ్గరికి జరిపింది,
కరెంటు ఉంది, అయినా జరిపింది.
"గాడు రాక్షసుడు కాదు. మా మామ.
కాలువ తవ్వే పనికి దూరం దేశం వోయి
ఆరు నెలలకు గడప కాడ నిలవడి
గట్లనే అన్నడు. పేరు గుడ చెప్పలే, నీళ్లే అడిగిండు."

పైసల సంగతి చెప్పిన. సగం ముందర వెట్టిన.
సగమే.
ఆమె లెక్కవెట్టలే.

పొద్దుగాల మైదా ఉడకవెట్టి జిగురు చేసిన.
ఏ బుడగ దాని జాగల. ఒక్కటి తప్పు వోలే.
ఇరవై ఏండ్ల సంది అద్దం కింద గాలి దూరకుండ కట్టేటోన్ని,
అంటిచ్చుడు రాక కాదు,
పై అంచుకే రాసిన, ఎంట్రుకంత.

సారు సంబురంగ తీస్కపోయిండు.

మైదా సంగతి నాకు తెల్సు.
రెండు వానకాలాలు.
మూడు దాటదు.