ఏడో నంబర్

వైరు గుచ్చితే కంప్యూటర్ గుర్తుపట్టలే.
తీసి, ఊది, మళ్ల గుచ్చిన.
నిన్న మూడో పోర్టు, ఇయ్యాల పదకొండోదట.
కిరాయికున్నోళ్ల లెక్క ఇల్లు మారుస్తుంటది ఈ వైరు.

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ కాడ, మా షట్టర్ల
ఫోన్ కవర్ల దండెం కింద
కుర్మయ్య తాత స్టూలు మీద కూసున్నడు.
దేవరకద్ర అవతల ముప్పై ఒక్కేండ్లు
రైలు గేటు వేసి తీసిన చేతులు
ఇప్పుడు కట్టె మీద ఒకదాని మీదొకటి.
షుగర్ ముందు కాలి వేలును అడిగింది,
తర్వాత రెండు కండ్లను.

కోఠిల పాతది కొన్నడట స్కానర్.
అరచేతి కన్న ఇంత పెద్దది,
వీపు మీద ఎవరిదో పేరు, మొలతో గీకింది.

"పోలీసోళ్లది పెట్టను తాతా, ముందే చెప్తున్న."
"ఆళ్ల ముచ్చట నాకెందుకు బిడ్డా?
బండ్ల ముచ్చట పెట్టు."

తెర నిండ గళ్లు.
చుక్క ముందు మూడంకెలు, చుక్క తర్వాత నాలుగు.
ఒక్క అంకె జారిందా,
గార్డు గొంతుకు బదులు గోడ ఇనబడ్తది.
స్టేషన్‌కొకటి పెట్టుమంటడు తాత:
జడ్చర్లది ఒకటి, గద్వాలది ఒకటి.
అట్ల ఉండదు తాతా,
అందరిదీ ఒకటే గాలి.
దగ్గరికొస్తే మాట, దూరం పోతే ఇసుక.

మూడోది శంషాబాద్‌ల దిగే విమానాలకు.
ఏఎం అని పెట్టాల్సింది ఎఫ్ఎం పెట్టిన;
పైలట్ నోట్లె తమలపాకులు కుక్కినట్టు మాట.
తాత నవ్విండు. దిద్దిన.

పేర్ల గడిల ఎనిమిది అక్షరాలే పడ్తయి,
అవీ ఇంగ్లీషువి.
దేవరకద్ర తోక తెగింది.
చూడనోనికి పేర్లెందుకని వేలు ఆగింది గని
ఖాళీగ ఒదలబుద్ధి గాలే, కొట్టుకుంట పోయిన.

"ఏడోది ఖాళీ ఉంచు."
"ఖాళీ ఉంచితే ఆగదు తాతా, దాటేసి పోతది.
మిషినుకు ఖాళీ అంటే లేనట్టే."
కట్టె మీద బొటనవేలు కదిలింది.
"గేటు పడ్డంక, బండి ఇంక రాలే జూడు,
అప్పుడు ఫోన్ ఎత్తితే ఎవ్వరు మాట్లాడరు,
గని లైన్ ఉంటది.
గది గావాలె."

మాట్లాడే జాగ దొరకవట్టచ్చు,
ఎవ్వరు మాట్లాడని జాగ దొరకవట్టుడు కష్టం.
ఒకదాంట్ల బోరు మోటర్ స్టార్టర్ కొట్టుకుంటున్నది,
ఒకదాంట్ల మా ట్యూబ్‌లైటే గునుస్తున్నది,
ఇంకోదాంట్ల ఏందో టిక్కు టిక్కు,
పంటి నొప్పి లెక్క.
చాయ్ చల్లారినంక దొరికింది ఒకటి.
ఉత్త హోరు. రేకుల మీద సన్న వాన.

రాత మొదలుపెట్టిన.
పదిహేను, నలభై, అరవై మూడు.
అరవై మూడు కాడ నిలబడ్డది.
కరెంట్ ఒకసారి కన్ను కొట్టింది,
వైరు మీద ఈగ వాలినా భయమే నాకు.
"ఎంతయింది బిడ్డా?"
"సగం దాటి ఆగింది."
"ఔటర్ల ఆగిందేమో. ఇస్తరు సిగ్నల్."
ఇచ్చిండ్రు.

గుండీ తిప్పుకుంట లెక్కవెట్టిండు,
టిక్కుకొక నంబర్.
ఏడు.
హోరు.
టెంపర్డ్ గ్లాస్ కోసం వచ్చిన పిలగాడు
ఫోన్ పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

"దీనికేం పేరు పెట్టినవ్?"
"నీదే తాతా. సరిగ్గ ఎనిమిది పట్టింది."
"ఏది పట్టినా పట్టకున్నా నా పేరు పడ్తదిలే,"
అని నోట్లు తీసిండు.
వంద రెండు మడతలు, యాభై ఒక మడత,
మడతలు తడిమి ఇచ్చిండు. తప్పు పోలే.

మంగళారం మళ్ల వచ్చిండు,
షట్టర్ సగమే లేపిన అప్పటికి.
"ఏడోదాంట్ల రాత్రి ఎవరో దగ్గిండ్రు."
"అయ్యో, మారుస్త తాతా, కూసో."
వైరు చేతిలకు తీసుకున్న.
స్కానర్‌ను రొమ్ము జేబులకు ఇంకింత దోపుకున్నడు.
"వద్దు.
ఉండనీ.
ఎవరున్నరో పాపం, ఒక్కరే."