కడగని గాజు

రాత్రి పదీ నలభైకి తెచ్చారు దాలమ్మని,
మందస ఆసుపత్రికి, ఆటో వెనక సీట్లో పడుకోబెట్టి.
జీడితోటలో పుల్లలేరుతుంటే
కుడిచేతి చూపుడువేలు మీద కాటు.
"ఏ పామో చూసేరా?"
"సీకటి బాబూ. కుక్కర్లాగ బుస్సుమన్నాదట."
కుక్కరంటే పింజరే అయ్యుంటుంది.
అయ్యుంటుంది సరిపోదు నాకు.

చెయ్యి అప్పటికే మోచేతిదాకా పొంగింది,
గాజులు కండలోకి దిగిపోతున్నాయి.
నర్సు నీలవేణి గుడ్డ చుట్టి
ఒక్కొక్కటీ చిట్లగొడుతుంటే
కూర్మయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.
పచ్చ గాజులు. డజనుకి రెండు తక్కువ.

నేను ల్యాబ్ మనిషిని. నా గాజు వేరు.
బీరువా పై అరలో, పాత దూది డబ్బాలో
ఎవరూ ముట్టకుండా దాచిన గొట్టాలు,
కొత్తవి, పొడివి, ఒక్కసారీ కడగనివి.
ఆయాకి ఎన్నిసార్లు చెప్పానో:
సబ్బు తగిలితే గాజు అబద్ధమాడుతుంది.
ఉద్యోగంలో చేరిన ఏడు నేనే కడిగాను ఒకదాన్ని,
శుభ్రం కదా అని.
విషం ఎక్కని పిల్లాడికి విరుగుడు ఎక్కించారు.
ఒళ్లంతా దద్దుర్లతో వాడు వణికిన వణుకు
ఇప్పటికీ నా వేళ్ల చివర ఉంది.

రెండు మిల్లీలీటర్లు.
దాలమ్మది ఒక గొట్టంలో,
పోలికకి కూర్మయ్యది ఇంకోదాంట్లో.
పక్కపక్కన నిలబెట్టి గడియారం చూశాను.
ఇరవై నిమిషాలు. కదపకూడదు.
వంచి చూడాలనిపిస్తుంది, చూడకూడదు.

ఒంట్లోంచి బయటపడ్డ రక్తానికి
తానెక్కడుందో తెలీదు.
గాజు తగలగానే ఇదే గాయమనుకుంటుంది.
ఒకటి ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని.
పదమూడు దాకా అంకెలున్నాయి వాటికి.
మధ్యలో ఆరోది లేదు,
ఎందుకు లేదో మాకు చదువు చెప్పిన సారుకీ తెలీదు.
చివరికి మిగిలేది సన్నటి దారం.
మా అమ్మది పొందూరు.
వాలుగ చేప దవడతో పత్తి ఏకేది.
ఫైబ్రిన్ అన్న మాట పుస్తకంలో మొదటిసారి చదివినప్పుడు
నాకు ఆవిడ ఒళ్లో పడ్డ తెల్లటి నూగే కనపడింది.

పింజర విషం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదనుకుంటారు.
కాదు, తొందరపెడుతుంది.
గాయం లేని చోటల్లా గాయం, గాయం అని అరుస్తుంది.
రాని తుపానుకి దండోరా వేసినట్టు.
ఊరంతా లేచి, ఉన్న తాళ్లన్నీ తీసి
ప్రతి తలుపూ, ప్రతి పడవా కట్టేసుకుంటుంది.
తెల్లారి నిజంగా గాలొస్తే
మూరెడు తాడుండదు.

పదకొండుంబావు.
కూర్మయ్యది వంచాను. జున్నులా అంటుకుని ఉంది.
దాలమ్మది వంచాను.
మహేంద్రతనయ నీళ్లలా ఇటు నుంచి అటు.

"నాది కట్టింది గదా బాబూ.
నాదే ఎక్కించీండి ఆవిడికి."
ఏం చెప్పను?
నీ తాళ్లు కూడా తినేస్తుందయ్యా ఆ కేక,
ముందు దాని నోరు మూయాలి.
డాక్టరు గారు అప్పటికే విరుగుడు సీసాలు
ఒక్కోటీ సెలైన్లో కలుపుతున్నారు.

ఆ తర్వాత కాలేయం కొత్త దారం వడకాలి.
ఆరు గంటలు ఆగి చూడమంటారు.
కూర్మయ్య చెత్తబుట్టలోంచి పచ్చ ముక్కలు ఏరి
కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.
ఎందుకని అడగలేదు నేను.

ఐదున్నరకి రెండో గొట్టం.
కట్టినట్టే కట్టి, వంచగానే చిరిగిపోయింది.
చిరిగితే లేనట్టే లెక్క.
మళ్లీ సీసాలు, మళ్లీ గడియారం.
బయట జీడిగింజల లారీ ఏదో హారన్ కొడుతూనే ఉంది.

పన్నెండు కావస్తుంటే మూడోది.
తలకిందులు చేశాను.
పడలేదు.
కూర్మయ్య నా మొహం చూస్తున్నాడని తెలుసు.
నోరు రాక ఇంకో నిమిషం
దాన్నలాగే పట్టుకుని నిలబడ్డాను.

డబ్బాలో ఇంక రెండే ఉన్నాయి.
ఇండెంట్ రాయాలి.