పద్నాలుగో పెట్టె

గ్రిమ్స్‌బీ గ్రంథాలయం నేలమాళిగలో
ఈనిడ్ గార్బట్ పెట్టెలు ముప్పై ఒకటి.
వాటికి అంకెలు వేయడం నా కొలువు:
నిడివెంత, కాగితమేది, ఎలుక కొరికిందా లేదా.

పగలు రేవులో చేపలు కోసేదట,
రాత్రి గ్యాసు బిల్లుల వెనక సంగీతం రాసేదట.
అయిదు గీతలుండాల్సిన చోట
ఒక్కటే గీత, అదీ వంకర;
చుక్కలకు బదులు పొలుసులు
జిగురు పెట్టి అంటించింది.
అరవై ఏళ్ళయినా నీచు పోలేదు.
విప్పగానే మా డెస్మండ్
టీ కప్పుతో సహా మేడెక్కేశాడు.

"ఒక తొట్టెడు ఐసు తెచ్చి వంటింట్లో పెట్టు.
కరిగేదాకా పలకకు.
కరిగాక నేల తుడు."
రచన మొత్తం ఇంతే.
వాయించింది: తను. విన్నది: పిల్లి.
మధ్యలో లేచిపోయింది అని కూడా రాసుకుంది,
నిజాయితీపరురాలు.

పొరుగింటి ప్లాస్కిట్ గారి ఉత్తరం ఒకటుంది:
"అమ్మా, మూడు రాత్రులుగా మీ తూము ఏడుస్తోంది.
సంగీతమైతే ఎప్పుడయిపోతుందో చెప్పండి,
జబ్బయితే ప్లంబర్ని పిలవండి."
దాని నెత్తిన ఎర్ర పెన్సిలుతో ఆవిడ:
రెండో అంకం.

చిన్నప్పుడు తెనాలిలో మా పాట పంతులమ్మ
అపస్వరం పడితే స్కేలుతో కణుపుల మీద కొట్టేది.
అపస్వరంలోనూ స్వరం ఉందిగా అని
నాకప్పుడు తట్టలేదు.
తట్టి ఉంటే ఇంకో రెండు పడేవి.

నోటు పుస్తకంలో, నూనె మరక పక్కన:
"పాట ఎక్కడ ఎత్తుకున్నానో చెప్పగలను.
ఎక్కడ దించానో చెప్పలేను.
కత్తి కడిగి పెట్టాక కూడా
చెయ్యి కోస్తూనే ఉంటుంది."

తూము, ఐసు, పిల్లి, పక్కింటాయన కోపం
అన్నిటినీ సంగీతమే అంది ఆవిడ.
పద్నాలుగో పెట్టెలో ఒక్క టేపు మీద మాత్రం
పెన్సిలు ఒత్తి రాసింది:
ఇది సంగీతం కాదు.

పెట్టి విన్నాను.
మగమనిషి దగ్గు. కుర్చీ జరిగింది.
సూట్‌కేసు మూత రెండుసార్లు పడింది, మొదటిసారి సరిగా పట్టలేదు కాబోలు.
మెట్ల మీద బూట్లు, ఒకటి కిర్రుమంటూ.
తలుపు.
ఆ తర్వాత ఎవరూ మీట నొక్కలేదు.
రీలు అయిపోయేదాకా, ఇరవై రెండు నిమిషాలు,
ఇల్లు.

వర్గం అన్న గడి దగ్గర నా పెన్ను నిలబడిపోయింది.
డెస్మండ్ కిందికొచ్చి
'ఇతరాలు' అని రాసెయ్, అన్నాడు.
ఇంకా రాయలేదు.
ఆ కిర్రుమన్న బూటు
కుడికాలిదా ఎడమదా అని
మళ్ళీ వెనక్కి తిప్పుతున్నాను.